కమిటీ ముందు పెట్టే కాగితం

పీహెచ్‌డీ చేసే విద్యార్థి, ప్రవేశ ఇంటర్వ్యూ నాటి నుంచి పట్టా చేతికొచ్చే దాకా, ఏదో ఒక కమిటీ ముందు కాగితాలు పెడుతూనే ఉండాలి. ఇంటర్వ్యూ నాడు పరిశోధన ప్రతిపాదన, ఆ తరువాత పరిశోధన సలహా సంఘానికి ప్రతి సెమిస్టరుకూ ప్రగతి నివేదిక, చివర్లో సినాప్సిస్, ఆపైన సిద్ధాంత గ్రంథం. వీటిని ఎలా తయారుచేయాలో చెప్పే నియమాలకు మన విశ్వవిద్యాలయాల్లో కరువు లేదు. మార్జిన్ ఎంత వదలాలి, ఎన్ని ప్రతులు ఇవ్వాలి, అట్ట ఏ రంగులో ఉండాలి, గైడు సంతకం ఎక్కడ, హెచ్‌ఓడీ సంతకం ఎక్కడ, అన్నీ రాసిపెట్టి ఉంటాయి. ఆ అట్టల మధ్య ఏముండాలో చెప్పే మాటలు మాత్రం వెతుక్కోవాలి. ఈ ప్రసంగంలో నేను వాదించబోయేది ఇదీ: కమిటీ దేన్ని లెక్కపెడుతుందో విద్యార్థి దాన్నే తయారుచేస్తారు. సంతకాలు లెక్కపెడితే సంతకాలు వస్తాయి, అచ్చయిన వ్యాసాలు లెక్కపెడితే వ్యాసాలు వస్తాయి. ఆలోచన అడిగిన చోటే ఆలోచన వస్తుంది. పరిశోధనల నాణ్యత పడిపోయిందని బాధపడేటప్పుడు మనం అలవాటుగా విద్యార్థిని వేలెత్తి చూపుతాం. ముందు చూడవలసింది కమిటీ అడుగుతున్నదేమిటన్నది.

ఇది ఊహాగానం కాదు. పదమూడేళ్ల పాటు దేశమంతటా జరిగిన ఒక ప్రయోగం మన కళ్లముందే ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం, సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు విద్యార్థి రిఫరీడ్ పత్రికలో ఒక వ్యాసం అచ్చువేయించుకోవాలి. 2016లో దానికి మరో మెట్టు కలిపారు. ఒక వ్యాసంతో పాటు రెండు సదస్సుల్లో పత్ర సమర్పణ చేసినట్టు ఆధారం చూపాలి. ఉద్దేశం మంచిదే. బయటి పండితులు చదివి ఒప్పుకున్న వ్యాసం ఉంటే, లోపలి కమిటీ మొహమాటపడినా నాణ్యతకు ఒక హామీ దొరుకుతుందని అనుకున్నారు. జరిగింది వేరు. వ్యాసం కావాలి అనగానే వ్యాసాలు అచ్చువేసే దుకాణాలు వెలిశాయి. డబ్బు కట్టిన నాలుగు రోజుల్లో అంగీకార పత్రం పంపే పత్రికలు వచ్చాయి. సర్టిఫికెట్లు ముందే అచ్చయి సిద్ధంగా ఉండే సదస్సులు వచ్చాయి. అక్కడ ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, ప్రశ్నలకు సమయం ఉండదు, భోజనాలు కాగానే హాలు ఖాళీ. కమిటీ ముందుకు వెళ్లే ఫైలులో మాత్రం ఆ సర్టిఫికెట్టుకీ, నిజంగా వాదోపవాదాలు జరిగిన సదస్సు సర్టిఫికెట్టుకీ తేడా కనిపించేది కాదు. రెండిటికీ గుమ్మం దగ్గర ఒకటే విలువ.

దీన్ని అదుపు చేయడానికి యూజీసీ ఆమోదిత పత్రికల జాబితా తెచ్చింది. ఆ జాబితా సంగతి ఏమైందో చూడండి. పుణెలోని సావిత్రీబాయి ఫూలే విశ్వవిద్యాలయంలో భూషణ్ పట్వర్ధన్ బృందం, విశ్వవిద్యాలయాల సిఫారసు మీద జాబితాకెక్కిన పత్రికల్లో కొన్నిటిని నమూనాగా తీసుకుని పరీక్షించింది. 88 శాతం పైచిలుకు నాసిరకంవని తేలినట్టు 2018లో ‘కరెంట్ సైన్స్’లో ప్రకటించింది. ఆ ఏడాది మే నెలలోనే యూజీసీ 4,305 పత్రికలను జాబితాలోంచి తీసేసింది. తరువాత ‘కేర్’ అనే కొత్త జాబితా వచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఈ మధ్యలో 2022 నవంబరులో వచ్చిన కొత్త పీహెచ్‌డీ నిబంధనలు వ్యాసం తప్పనిసరి అన్న షరతునే ఎత్తేశాయి. ఐఐటీలు, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు చెందిన 2,573 మంది పరిశోధకుల వివరాలు పరిశీలిస్తే, వారి వ్యాసాల్లో నాలుగింట మూడు వంతులు పేరున్న సూచీల్లోని పత్రికల్లో లేవని అప్పటి యూజీసీ ఛైర్మన్ జగదీశ్ కుమార్ చెప్పారు. అవి దేశంలో అందరూ చేరాలని ఆశపడే సంస్థలు. అక్కడే అలా ఉంటే, స్థిర వేతనం లేని గెస్టు లెక్చరరు ఉద్యోగంతో, లైబ్రరీలో కొత్త పత్రికలు రాని జిల్లా విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థి ఏం చేస్తారో వేరే చెప్పనక్కర్లేదు. అధ్యాపకుల విషయంలోనూ ఇదే కథ. 2018 నిబంధనల పట్టికలో ఒక్కో వ్యాసానికి విజ్ఞాన శాస్త్రాల వారికి 8 పాయింట్లు, భాషలు, మానవీయ శాస్త్రాల వారికి 10 పాయింట్లు. పాయింట్ల కోసం వ్యాసాలు రాసిన గైడే రేపు కమిటీలో కూర్చుని విద్యార్థి వ్యాసాలు లెక్కపెడతారు.

రెండో ఆధారం కాపీ పరీక్ష. 2018లో వచ్చిన గ్రంథచౌర్య నివారణ నిబంధనలను తీరిగ్గా చదివితే అవి చాలావరకు వివేకంగానే ఉన్నాయి. ఇతరుల రచననే కాదు, ఇతరుల ఆలోచనను తనదిగా చెప్పుకోవడాన్నీ చౌర్యంగానే నిర్వచించాయి. ఆధారం చూపి ఉటంకించిన భాగాలను, గ్రంథసూచిని, విషయసూచికను, చట్టాలను, సమీకరణాలను లెక్కలోంచి మినహాయించాయి. అందరికీ తెలిసిన విషయం పద్నాలుగు పదాల వరకు వరసగా కలిసినా తప్పు పట్టవద్దన్నాయి. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40 లోపు ఉంటే సవరించి ఆరు నెలల్లోగా మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 దాకా అయితే ఏడాది నిరీక్షణ, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇన్ని మాటల్లోంచి ఆచరణలోకి దిగివచ్చింది మాత్రం ఒక్క అంకె, 10 శాతం. సాఫ్ట్‌వేర్ నివేదిక మొదటి పేజీలో ఆ అంకె 9 అని ఉంటే ఫైలు కదులుతుంది, 11 అని ఉంటే వెనక్కి వస్తుంది. అప్పుడు విద్యార్థి చేసేదేమిటి? ‘ప్రభావం’ అన్న చోట ‘ప్రభావకత’ అని, ‘మొదలైంది’ అన్న చోట ‘ఆరంభమైంది’ అని మార్చుకుంటూ పోతారు. ఆలోచన ఎవరిదో ఆ ఆలోచన అలాగే ఉంటుంది, వాక్యం వంకర పోతుంది, అంకె దిగుతుంది. కమిటీకి కావలసింది దొరికింది.

తెలుగు శాఖల్లో ఇది ఇంకో వింత దశకు చేరింది. మన సిద్ధాంత గ్రంథాలు చాలాకాలం డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో టైపు అయ్యాయి. ఇప్పటికీ కొన్ని అవుతూనే ఉన్నాయి. ఆ అక్షరాలు మన కంటికి ముత్యాల్లాంటి తెలుగే. కంప్యూటరుకు మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం. ఆ ఫైల్లోంచి ఒక పేరా తీసి ఇంకోచోట అతికిస్తే అర్థంలేని గుర్తుల వరస కనిపిస్తుంది. అలాంటి గ్రంథాన్ని కాపీ పరీక్షకు పంపితే యంత్రానికి పోల్చి చూడడానికి అర్థవంతమైన తెలుగు పాఠం దొరకదు. ఇంకో గ్రంథాన్ని పొల్లు పోకుండా ఎత్తిరాసినా ఆ నివేదిక పట్టుకోలేకపోవచ్చు, ఎత్తిరాయని వాళ్లకు ఆ నివేదిక ఇచ్చే ధ్రువీకరణకూ విలువ లేదు. అయినా ఆ కాగితం జతచేస్తేనే ఫైలు తీసుకుంటారు. దానిమీద గైడు, లైబ్రేరియన్ సంతకాలూ ఉంటాయి. తతంగం యంత్రానికి అప్పగించాక, ఆ యంత్రం చదవగలుగుతోందా లేదా అన్నది అడిగే నాథుడు లేడు.

మరి కమిటీ ముందు ఎలాంటి కాగితం పెట్టాలి? ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ‘నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్: ఒక అధ్యయనం’ అనే ప్రతిపాదన వచ్చిందనుకుందాం. ఇలాంటివి చాలానే వస్తాయి. మామూలుగా ఇందులో జిల్లా ఎల్లలు, వర్షపాతం, శిలల స్వభావం మొదటి అధ్యాయం. ఫ్లోరోసిస్ లక్షణాలు రెండో అధ్యాయం. తరువాత నమూనాల పట్టికలు, చివర ప్రభుత్వానికి సూచనలు. తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, నేర్చుకోవడానికీ ఏమీ ఉండదు. ఎందుకంటే ఆంధ్ర దేశంలో నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోతున్నాయని అప్పటి నెల్లూరు జిల్లా నుంచి 1937లోనే శాస్త్రపత్రికకెక్కింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు, దాన్ని ఇతర దేశాల్లోనూ వాడారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదని, వేరే నీటి వనరు లేకపోతే ఒకటిన్నర దాకా సహించవచ్చని భారత ప్రమాణం చెబుతోంది. ఇంత తెలిసిన చోట కొత్తగా తెలుసుకోవలసింది ఏమిటి? మిషన్ భగీరథ తాగునీటి పథకం కింద కృష్ణా నీళ్లు గడపలోకి వచ్చాక కూడా బోరు నీళ్లు తాగడం ఆగిందా? కుళాయి ఉన్న ఇంట్లో పొలం పనికి వెళ్లిన మనిషి మధ్యాహ్నం ఏ నీళ్లు తాగుతున్నాడు? ఆ బోరు నీళ్లతో పండిన కూరగాయల్లో ఫ్లోరైడ్ ఎంత చేరుతోంది? ఇలా అడిగితే ప్రతిపాదన తలరాత మారిపోతుంది. ఎన్ని బావులు, ఏ నెలల్లో, వానలకు ముందా తరువాతా, మనిషి రోజులో తాగే నీటిని ఎలా కొలుస్తారు, అన్న ప్రశ్నలకు జవాబు చెప్పక తప్పదు. ఏ ఫలితం వస్తే తన అంచనా తప్పని ఒప్పుకుంటారో కూడా విద్యార్థి ముందే రాయాల్సి వస్తుంది. నా దృష్టిలో కమిటీకి ఇచ్చే కాగితంలో అతి ముఖ్యమైన వాక్యం అదే. అది లేని ప్రతిపాదనను కమిటీ వెనక్కి పంపినా అన్యాయం కాదు.

సాహిత్యంలోనూ అంతే. ‘ఫలానావారి జీవితం, సాహిత్యం: సమగ్ర పరిశీలన’ అనే శీర్షికలు మన విశ్వవిద్యాలయాల అల్మారాల నిండా ఉన్నాయి. మొదటి అధ్యాయంలో జననం, విద్యాభ్యాసం, సన్మానాలు. రెండో అధ్యాయంలో ఆ ప్రక్రియ ఆవిర్భావ వికాసాలు, అంటే అంతకు ముందు గ్రంథాల్లో ఉన్నవే మళ్లీ. ఆ తరువాత ఒక్కో రచనకు ఒక్కో సారాంశం. రచయిత మీద గౌరవం తప్ప ఇందులో పరిశోధకుడి ప్రశ్న కనిపించదు. రాయలసీమ కథల మీద పని చేసేవారు ‘కరువు చిత్రణ’ అని ఊరుకోకుండా, కరువు కథను ఎవరి నోట చెప్పిస్తున్నారు, ఊరు విడిచి వెళ్లినవాళ్ల నోటనా, ఊళ్లో మిగిలిపోయినవాళ్ల నోటనా, అది దశాబ్దాల మీద మారిందా, అని అడిగితే చాలు. కథలన్నీ మళ్లీ చదవాలి, లెక్క తీయాలి, మినహాయింపులకు సమాధానం చెప్పాలి.

ఈ పనిలో కమిటీ పాత్ర ఏమిటన్నది మన సంప్రదాయంలోనే ఉంది. అష్టావధానంలో పృచ్ఛకుడు అవధాని ఇంతకు ముందు ఎన్ని పద్యాలు అచ్చువేయించారో అడగడు. అక్కడికక్కడ ఒక సమస్య ఇస్తాడు, ఇచ్చి జవాబు వినే దాకా కూర్చుంటాడు. సమస్య చప్పగా ఉంటే సభ పృచ్ఛకుణ్ణే తప్పుపడుతుంది. మన పరిశోధన సలహా సంఘాలకు ఆ బాధ్యత కాగితం మీద ఉంది. ప్రతిపాదనను సమీక్షించి విషయం ఖరారు చేయడం, అధ్యయన పద్ధతి రూపొందించుకోవడంలో దారి చూపడం, ప్రతి సెమిస్టరూ ప్రగతి వినడం వాటి పని అని 2022 నిబంధనలే చెబుతున్నాయి. ప్రగతి బాగా లేకపోతే కారణాలు రాసి, దిద్దుబాటు సూచించాలని కూడా చెప్పాయి. అయితే బాగుందన్నప్పుడు ఎందుకు బాగుందో రాయమని ఎక్కడా లేదు. దాంతో మినిట్స్ పుస్తకంలో ‘ప్రగతి సంతృప్తికరం’ అన్న రెండు మాటలు రాసి, కింద సంతకాలు పెడితే సమావేశం అయిపోయినట్టే. ఆ రెండు మాటలు చదువుకున్న విద్యార్థికి వచ్చే ఆరు నెలలు ఏం చేయాలో తెలియదు.

ఈ వాదానికి ఎదురయ్యే అభ్యంతరాల్లో ఒకటి చాలా బరువైనది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అంకెలు నిర్దయగా ఉన్నా నిష్పాక్షికంగా ఉంటాయి, అభిప్రాయాలు అలా ఉండవు, అని చాలామంది విద్యార్థులే అంటారు. వాళ్ల అనుభవం అలాంటిది. కులం, ప్రాంతం, గైడుల మధ్య పాత పగలు, ఇవన్నీ కమిటీ గదిలోకి చెప్పులు విడవకుండానే వస్తాయి. ఒక వ్యాసం, రెండు సర్టిఫికెట్లు, 10 శాతం లోపు అన్నప్పుడు కనీసం ఏం తెస్తే గడప దాటవచ్చో తెలిసేది. ‘నీ ప్రశ్నలో లోతు లేదు’ అనే అధికారం కమిటీకి ఇస్తే ఆ మాటతో ఎవరినైనా ఎన్నేళ్లయినా నిలబెట్టవచ్చు. ప్రవేశాల్లో రాతపరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం అని 2022 నిబంధనలు హద్దు గీయడం వెనుక ఉన్నదీ ఇలాంటి భయమేనని నా అభిప్రాయం. ఆ భయం న్యాయమైనదే. కానీ అంకెలు నిజంగా బలహీనుణ్ణి కాపాడాయా? పత్రికకు రుసుము కట్టగలిగినవారికీ, సదస్సులకు రైలు ఛార్జీలు పెట్టుకోగలిగినవారికీ, గైడు పరిచయాలతో వ్యాసం వేయించుకోగలిగినవారికీ ఆ గడప తక్కువ ఎత్తులో ఉండేది. మిగతావారు అప్పు చేసి దాటేవారు. పైగా పక్షపాతం చూపదలచిన కమిటీకి అంకెలు అడ్డుకావు, మౌనం చాలు. వైవా తేదీ ఇవ్వకపోవడానికి ఎవరూ కారణం చెప్పనక్కర్లేదు. అదే కమిటీ తన అభ్యంతరాన్ని ప్రశ్న రూపంలో రాసి, సంతకం చేసి, విద్యార్థి చేతికిచ్చే పద్ధతి ఉంటే, దాని మీద అప్పీలుకు వెళ్లవచ్చు, మరో పండితుడికి చూపించవచ్చు. కోర్టుకెళ్లినా చేతిలో ఒక కాగితం ఉంటుంది. అభిప్రాయం ప్రమాదకరమయ్యేది నోటిమాటగా ఉన్నంతసేపే.

రెండో అభ్యంతరం తీరిక గురించి. ఒక ప్రొఫెసరు ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి గైడుగా ఉండవచ్చు. ఖాళీలు భర్తీ కాని శాఖల్లో ఉన్న ఇద్దరు ముగ్గురే అన్ని కమిటీల్లోనూ కూర్చుంటారు. ఇన్ని సినాప్సిస్‌లు చదివి ప్రశ్నలు రాయడం వాళ్ల వల్ల అవుతుందా? నలభై పేజీల సినాప్సిస్ అయితే కాదు. అందుకే ఈ కాగితం చిన్నదిగా ఉండాలి. ప్రశ్న ఏమిటి, ఇప్పటిదాకా తెలిసింది ఏమిటి, ఎలా తేలుస్తాను, ఏది చూస్తే నా అంచనా తప్పని ఒప్పుకుంటాను, ఈ ఆరు నెలల్లో ఏం తేలింది, ఎక్కడ చిక్కుకున్నాను. నాలుగు పేజీల్లో ఇమిడే విషయం ఇది. చదవడానికి అరగంట పట్టదు. ఇప్పుడు ఆ అరగంట నో డ్యూస్ సర్టిఫికెట్టు ఉందా, ఫీజు చలానా నకలు ఎక్కడ అన్న తనిఖీకి పోతోంది. ఆ తనిఖీ అనవసరమని నేను అనడం లేదు. పుస్తకాలు లైబ్రరీకి చేరాలి, ఫీజులు ఖజానాకు చేరాలి. అది సెక్షన్ ఆఫీసు గుమాస్తా చేయగలిగిన పని, దానికోసం నలుగురు ఆచార్యులు బల్ల చుట్టూ కూర్చోనక్కర్లేదు. నెలకు 37,000 రూపాయల జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇచ్చి పరిశోధకుణ్ణి పోషిస్తున్న ప్రజాధనానికి ఆ బల్ల దగ్గర అంతకంటే మెరుగైన పని జరగాలి.

ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో పరిశోధన చేసేవారి మాటేమిటని కొందరు అడుగుతారు. జూనియర్ కాలేజీలో వారానికి ఇరవై పీరియడ్లు చెప్పే మనిషిని ఇలా నిలదీస్తే తట్టుకోగలరా? నా సమాధానం క్లుప్తంగా: ఆ మనిషికే ఇది ఎక్కువ అవసరం. సమయం తక్కువ ఉన్నవారు తప్పుదోవలో రెండేళ్లు నడిచి వెనక్కి రాలేరు. మొదటి ఏడాదే ఎవరో ఒకరు ఆపి, ‘ఈ నమూనాలు చాలవు’ అని కాగితం మీద రాసివ్వాలి.

నిబంధనలు మార్చడానికి ఢిల్లీ దాకా వెళ్లే పని లేదు. 2022 నిబంధనలు చెప్పింది కనీస ప్రమాణాలే. ఆ పైన ఏం అడగాలన్నది ప్రతి విశ్వవిద్యాలయం తన అకడమిక్ సెనేట్‌లోనో కౌన్సిల్‌లోనో తేల్చుకోవచ్చు. ఆంధ్రలోనైనా, ఉస్మానియాలోనైనా, శ్రీ వేంకటేశ్వరలోనైనా ఒక తీర్మానంతో ఇది సాధ్యం. విద్యార్థి ఇచ్చిన నాలుగు పేజీలూ, సభ్యులు రాసిన ప్రశ్నలూ, మళ్లీ విద్యార్థి ఇచ్చిన జవాబూ ఒకే ఫైల్లో ఉండాలి. వైవా పూర్తయ్యాక అది సిద్ధాంత గ్రంథంతో పాటు గాంధీనగర్ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగకు చేరాలి. తెలుగు గ్రంథమైతే అను ఫాంట్లలో కాకుండా యూనికోడ్‌లో ఉండాలి, లేకపోతే శోధ్‌గంగలో ఉన్నా లోపలి మాటలు వెతికితే దొరకవు. అలా బయటపెడితే సభ్యులు కటువైన మాట రాయడానికి జంకుతారు అని ఆఖరి అభ్యంతరం వస్తుంది. జంకేవాళ్లు ఉంటారు. కానీ స్వీడన్‌లో సిద్ధాంత గ్రంథం రక్షణ సభకు కొన్ని వారాల ముందే బహిరంగంగా అందుబాటులో పెడతారు, ఆ సభలో ప్రత్యర్థి స్థానంలో కూర్చున్న పండితుడు అందరి ముందూ ప్రశ్నిస్తాడు, బహిరంగమైనంత మాత్రాన అక్కడ ప్రశ్నించడం ఆగలేదు. మన నిబంధనల్లోనూ వైవా బహిరంగమే, ప్రీ సబ్మిషన్ సెమినారుకు అధ్యాపకులూ పరిశోధకులూ అందరూ రావచ్చు. మరీ ఇబ్బందయితే సభ్యుల పేర్లు తీసేసి ప్రశ్నలు మాత్రమే పెట్టవచ్చు. ‘సంతృప్తికరం’ అని రాసినచోట కూడా, ఏ ప్రశ్నకు ఏ జవాబు విని సంతృప్తి కలిగిందో ఒక వాక్యం ఉంటే, మరుసటి ఏడాది అదే జిల్లాలో ఫ్లోరైడ్ మీద పని మొదలుపెట్టే విద్యార్థి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలుసుకుంటారు.